అడుగునీరు

ఆ ఏడాది మే నెలలో ఖరగ్‌పూర్ నలభై నాలుగు డిగ్రీల ఎండలో మాడుతుంటే, నేను రోజుకి ఆరు గంటలు మైనస్ రెండులో ఉండేదాన్ని. ఇన్‌స్టిట్యూట్‌లో మా ల్యాబ్ వెనక ఒక చల్లగది ఉంది. దాని మధ్యలో నెమ్మదిగా తిరిగే బల్ల, బల్ల మీద బండిచక్రమంత గుండ్రటి గాజుతొట్టి. తొట్టిలో ఒక పక్క సముద్రపు ఒడ్డులాంటి వాలు కట్టి ఉంటుంది. ఎర్రరంగు కలిపిన చల్లటి ఉప్పునీళ్ళు ఆ వాలు మీద సన్నగా వదిలి, అవి ఎలా దిగుతున్నాయో, ఎటు ఒరుగుతున్నాయో చూడటం నా పని. అంటార్కిటికా ఒడ్డున అడుగునీరు ఎలా పుడుతుందనేది నా పరిశోధన.

నవంబరులో కేప్‌టౌన్ నుంచి బయల్దేరే ఓడలో నాకు చోటు దొరికింది. అక్కడి సముద్రపు వాలు మీద రెండు వేల మీటర్ల లోతున పరికరాలు దించి రావాలి. ఏడాదిపాటు అవే నీటి చల్లదనాన్నీ ఉప్పునీ నమోదు చేసుకుంటాయి. ఆరోగ్య పరీక్షలు అయిపోయాయి. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది.

సాయంత్రం ఆ చలిలోంచి బయటికొచ్చి, సైకిలెక్కి న్యూ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టర్‌కి వచ్చేదాన్ని. క్వార్టర్ మా అన్నయ్య బుజ్జిబాబుది. అతను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నాన్న నూకయ్య అదే వర్క్‌షాపులో ముప్ఫయ్యేళ్ళు పెద్ద సమ్మెట దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. చెవులు సగం పోయాయి. అమ్మ అప్పలకొండ. రెండేళ్ళ కిందట పలాస నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చిన ప్రశాంతి వదిన. రెండు గదులు, ఐదుగురం.

మా ఇంట్లో కొట్టడం కొత్త కాదు. చిన్నప్పుడు నాన్న అమ్మని కొట్టేవాడు. పదహారేళ్ళప్పుడు ఒకరోజు అన్నయ్య అడ్డం వెళ్ళి నాన్న మణికట్టు పట్టుకున్నాడు. ఇంకోసారి ఎత్తితే ఇరిచేస్తానన్నాడు. నాన్న ఆ చెయ్యి మళ్ళీ ఎత్తలేదు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ రోజు నుంచి చాలా ఏళ్ళపాటు నా దృష్టిలో మా అన్నయ్యని మించిన మగాడు ఖరగ్‌పూర్‌లో లేడు.

అతను ఎప్పుడు మొదలుపెట్టాడో నాకు తెలీదు. వదిన ఎండాకాలంలోనూ పొడుగు చేతుల జాకెట్లు వేసుకుంటే అది పలాస అలవాటేమో అనుకున్నాను. చదువుకున్నదాన్ని, అలా అనుకున్నాను.

కళ్ళారా చూసింది మే రెండో శనివారం మధ్యాహ్నం. అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చేసరికి కూలర్‌లో నీళ్ళు లేవు. పొద్దున్నుంచీ కొళాయి రాలేదని వదిన చెప్పింది. అతను చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. కూలర్‌ని ఒక్క తన్ను తన్నాడు. అది పక్కకి ఒరిగి, రెక్క విరిగి గోడకి కొట్టుకుంది. ఆ తర్వాత వదిన మీదికి వెళ్ళాడు. మొదటి దెబ్బకే ఆమె కూలబడబోయింది. పడనివ్వలేదు. జుట్టు పట్టుకుని నిలబెట్టి కొట్టాడు. ముఖం మీద, మెడ మీద, మళ్ళీ ముఖం మీద. కోపంతో ఊగిపోతూ కాదు. బిగుసుకున్న బోల్టు విప్పుతున్నవాడిలా శ్రద్ధగా కొట్టాడు. నేను వెనకనుంచి అతని భుజాలు పట్టి లాగితే, నన్ను రెండు చేతులా ఎత్తి పెరట్లో దింపి, తలుపు గడియ పెట్టాడు. నన్నెప్పుడూ కొట్టలేదతను. ఆ రోజు కూడా కొట్టలేదు.

నేను బయట నిలబడి తలుపు బాదుతూ ఉన్నాను. లోపల టీవీ సౌండు పెరిగింది. పెంచింది అమ్మ. వరండాలో నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయనకి వినబడని మాట నిజమే. కానీ గోడ అదిరితే వీపుకి తెలుస్తుంది.

మర్నాడు పక్కింటివాళ్ళు వదిన చెంప చూసి అడిగితే, నీళ్ళగదిలో జారిపడిందని అమ్మ చెప్పింది. అమ్మ తన గురించి ఏళ్ళ తరబడి చెప్పుకున్న మాట అదే.

సోమవారం నేను వదినని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. పెద్ద ఆలోచనేమీ లేదు. వాచిన చెంప మీద ఎండ తగిలితే ఓర్చుకోలేకపోతోంది, నా దగ్గర చల్లటి గది ఉంది, అంతే. మా గైడ్ మోహనకృష్ణ గారు ఆమె చెంపనీ నన్నూ చూసి, ఏమీ అడక్కుండా సందర్శకుల ఫారం మీద సంతకం పెట్టారు. నాతో పనిచేసే వరంగల్ కుర్రవాడు నిఖిలేష్ తన దళసరి కోటు ఇచ్చాడు. మోకాళ్ళ కిందిదాకా వచ్చిన ఆ కోటులో వదిన తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుంది.

ఇదేం పని, రంగునీళ్ళాటలా ఉందే అంది. నాకు తెలిసినంత సులువుగా చెప్పాను. దక్షిణాన ఆ మంచు ఖండం ఒడ్డున గాలి ఊపిరాడనివ్వకుండా కొడుతుంది. సముద్రం మీద మంచు పలక కట్టగానే దాన్ని దూరంగా నెట్టేస్తుంది. ఖాళీ అయినచోట నీళ్ళు మళ్ళీ గడ్డకడతాయి. గడ్డకట్టేటప్పుడు మంచు ఉప్పుని వదిలేస్తుంది. ఆ ఉప్పంతా కింది నీళ్ళలో చేరుతుంది. చలికీ ఉప్పుకీ బరువెక్కిన నీళ్ళు వాలు పట్టుకుని సముద్రపు అడుగుకి దిగిపోతాయి. అక్కణ్ణుంచి ప్రపంచంలోని సముద్రాల అడుగునంతా పాకుతాయి.

"మన పూరీ సముద్రంలోకీ వస్తాయేటి?" అని అడిగింది.

"బాగా లోపలికెల్తే, అడుగున ఉన్నవి అక్కడి నుంచొచ్చినవే. రావడానికి వందలేళ్ళు పడతాది."

"ఎవులు సూసినారు?"

ఎవరూ చూడలేదని చెప్పాను. చల్లదనం, ఉప్పు, పైన ఉన్నప్పుడు పీల్చుకున్న గాలి, ఇవన్నీ కొలిచి ఫలానా చోట పుట్టిన నీళ్ళని పోల్చుకుంటారు. వదిన చాలాసేపు ఆ ఎర్రటి నీళ్ళనే చూసింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఆమె వారానికి నాలుగు రోజులు వచ్చేది. అన్నయ్య డ్యూటీకి వెళ్ళాక బయల్దేరి, అతను రాకముందే ఇంట్లో ఉండేది. అమ్మకి తెలుసు. తెలియనట్టే ఉండేది. వదిన పదో తరగతితో ఆపేసింది. కానీ ఒక చోట కూర్చుని చూపు మరల్చకుండా చూడటం నాకన్నా ఆమెకే బాగా వచ్చు. మూడో వారంలో ఒకరోజు నన్ను పిలిచి, నీళ్ళు ఒక్కలా దిగడం లేదంది. ఆగి ముద్దలా దిగుతున్నాయట. మళ్ళీ ఆగుతున్నాయట. నేను నవ్వి, అలా ఉండదన్నాను. పైన కెమెరా అర నిమిషానికో ఫొటో తీస్తుంది. వేల ఫొటోలున్నాయి. అన్నింట్లోనూ ఎర్రటి నీటి నాలుక ఒకే పొడుగుంది.

ఆమె వాదించలేదు. వేళ్ళమీద లెక్కపెట్టి చూపించింది. ముప్ఫై అంకెలకి ఒక ముద్ద. మళ్ళీ ముప్ఫైకి ఇంకొకటి. అప్పటికి గానీ నాకు బుర్రకెక్కలేదు. ముద్ద దిగడానికి పట్టే సమయమూ, కెమెరా ఆగే సమయమూ ఒకటే. నా కెమెరా ప్రతిసారీ ముద్ద ఒకేచోట ఉన్నప్పుడు కన్ను తెరిచి, అంతా నిలకడగా ఉందని చెబుతోంది. రెండు సెకన్లకో ఫొటో తీసేలా మార్చాను. వదిన చెప్పిందే నిజం. మోహనకృష్ణ గారు కోటు కూడా వేసుకోకుండా వచ్చి, పొట్టి చేతుల చొక్కాతో నలభై నిమిషాలు ఆ చలిలో నిలబడిపోయారు. సముద్రంలోనూ ఇలాగే ఉంటే, మనం దించబోయే పరికరాలు గంటకోసారి కొలిస్తే చాలదన్నారు. వదినని లెక్కలు రాసిపెట్టమన్నారు. ఆ చలికి పెన్ను పనిచేయదు. పెన్సిల్‌తో నా నోటుబుక్కులో ఇరవై పేజీలు నింపింది. వ్యాసంలో ఆమెకి కృతజ్ఞతలు చెబుతామన్నప్పుడు, ఏ ఇంటిపేరు రాస్తారని ఒక్కటే అడిగింది. నీకేది కావాలంటే అదన్నాను. బమ్మిడి అని రాయమంది. అది ఆమె పుట్టింటిది.

జూన్ మొదటివారంలో ఒక సాయంత్రం, ఆకాశం పడమట నల్లబడి గాలి లేవబోతుండగా నేను ఇల్లు చేరాను. అన్నయ్య అప్పటికే వచ్చేశాడు. మీ ఇంటావిడకి ఇన్‌స్టిట్యూట్‌లో ఉద్యోగమా, రోజూ గేటు దగ్గర కనబడుతోందని వర్క్‌షాపులో ఎవరో అడిగారట. అతను చాప మీద కూర్చుని ఆ నోటుబుక్కు తిరగేస్తున్నాడు. వదిన దండెం మీంచి తీసిన బట్టలు పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇయ్యేటి?" అన్నాడు.

"నీళ్ళు దిగిన లెక్క."

"ఏ నీళ్ళు?"

"సముద్రం నీళ్ళు."

నవ్వాడు. నోటుబుక్కు రెండుగా చింపి పక్కన పెట్టాడు. లేచాడు. నేను మధ్యలోకి వెళ్ళి, తనని తీసుకెళ్ళింది నేనేనని, అడగాల్సింది నన్నని చెప్పాను. అతను నా మాట విననట్టే నన్ను దాటి వెళ్ళి, ఏ చేత్తో రాశావని వదినని మెల్లగా అడిగాడు. ఆమెకి అర్థంకాలేదు. కుడిచెయ్యి ఎత్తి చూపించింది. అతను ఆ చేతిని పట్టుకుని, వేళ్ళు తలుపు సందులో పెట్టి, భుజంతో తలుపు మూశాడు.

అప్పటికి గాలివాన మొదలైంది. పక్క క్వార్టర్ మీంచి రేకులు లేచిపోతున్నాయి. అంత హోరులోనూ ఆ చప్పుడు నాకు విడిగా వినబడింది. వదిన అరవలేదు. నోరు తెరిచింది గానీ లోపల్నుంచి ఏమీ రాలేదు. అతను తలుపు మీంచి భుజం తియ్యలేదు.

పెరటి తలుపుకి అడ్డంగా పెట్టే ఇనపకడ్డీ గోడకి ఆనించి ఉంది. నాన్న వర్క్‌షాపులో చేయించి తెచ్చింది. దాన్ని రెండు చేతులా ఎత్తి, అన్నయ్య కుడిచేతి మీద, మోచేతికీ మణికట్టుకీ మధ్య కొట్టాను. ఎముక విరగడం నా అరచేతులకి తెలిసింది. అతను మోకాళ్ళ మీద పడి, పక్కకి ఒరిగాడు. తలుపు తెరుచుకుంది. వదిన చెయ్యి బయటికొచ్చింది. అన్నయ్య నావైపు చూశాడు. అతని ముఖంలో నొప్పి ఇంకా రాలేదు. ఆశ్చర్యం మాత్రమే ఉంది.

అక్కడితో ఆగొచ్చు. అతను లేచే స్థితిలో లేడు. నేను ఆగలేదు. భుజం మీద ఇంకోటి కొట్టాను. అదే చేతి మీద, విరిగినచోటే మరొకటి కొట్టాను. ఆ రెండు దెబ్బలూ ఎవర్నీ కాపాడటానికి కాదు.

"ఆపే హైమా. సాలు," అన్న మాట వెనకనుంచి వినబడింది. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ రెండేళ్ళలో ఆ మాట ఆయన కొడుకుతో ఒక్కసారి కూడా అనలేదు.

వాన కొంచెం తగ్గాక ఒక టోటో బ్యాటరీ రిక్షాలో ఐదుగురం ఇరుక్కుని ఆస్పత్రికి వెళ్ళాం. అన్నయ్య చేతికి అమ్మ తువ్వాలు చుట్టింది. వదిన చేతికి నేను నా చున్నీ చుట్టాను. చూపుడువేలూ మధ్యవేలూ నలిగిపోయాయి. చున్నీ తడిసి ఎర్రగా కారుతోంది. దారిలో చెట్లు విరిగి పడి ఉన్నాయి.

ఆస్పత్రి నిండా గాలివాన దెబ్బతిన్నవాళ్ళే. రేకులు కోసుకున్నవాళ్ళు, కొమ్మలు మీదపడినవాళ్ళు. బెంగాలీ డాక్టరు తల ఎత్తకుండా రాసుకుపోతున్నాడు. ఏమైందని అన్నయ్యని అడిగాడు. కొళాయి దగ్గర నాచు మీద జారిపడ్డానని అన్నయ్య బెంగాలీలో చెప్పాడు. నొప్పికి పళ్ళు కరుచుకుని మరీ చెప్పాడు. చెల్లెలి చేతిలో దెబ్బలు తిన్నానని అతను చచ్చినా చెప్పడు. ప్రశ్న వినబడని నాన్న అవునని తలూపాడు. వదిన వేళ్ళ గురించి అడిగితే, గాలికి తలుపు పడిందని అమ్మ చెప్పింది. ఆ రోజు ఖరగ్‌పూర్‌లో ఎన్ని తలుపులు గాలికి పడలేదు! డాక్టరు రాయడం మొదలుపెట్టాడు.

అది రాసేస్తే అన్నీ సర్దుకుంటాయి. కేసుండదు. నవంబరులో నా ఓడ నాకుంటుంది. ఆ సంగతి నాకు చాలా స్పష్టంగా తెలుసు.

"పడలేదు," అన్నాను బెంగాలీలో. "ఇనపకడ్డీతో నేను కొట్టాను. మూడుసార్లు. ఆమె వేళ్ళు తలుపులో పెట్టి నొక్కింది ఇతను."

డాక్టరు పెన్ను ఆగింది. కట్టు కడుతున్న నర్సు రెబెక్కా తలెత్తింది. ఆమె మా సెటిల్‌మెంట్ పిల్లే, పాత క్వార్టర్లలో పుట్టి పెరిగింది. "ఆలోసించే సెప్తన్నావా?" అని తెలుగులో అడిగింది. అవునన్నాను. ఆమె లేచి, వదినని తెర అవతలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. డాక్టరు అక్కడికి వెళ్ళి ఆమెని విడిగా మళ్ళీ అడిగాడు. తెర వెనకనుంచి వదిన గొంతు చిన్నగా, ఆగకుండా చాలాసేపు వినబడింది. కూలరు, జుట్టు, పొడుగు చేతుల జాకెట్లు. ఇవతల అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. అమ్మ నన్ను చూసి, "నీ నోరే ఇల్లిరిసినాదే, కడ్డీ కాదు," అంది. ఆ తర్వాత ఏడు నెలలు నాతో మాట్లాడలేదు.

రెండు కేసులయ్యాయి. అన్నయ్య మీద ఒకటి, నా మీద ఒకటి. ఆ సాయంత్రం నేనూ వదినా క్వార్టర్‌కి వెళ్ళలేదు. రెబెక్కా మమ్మల్ని ఊళ్ళోనే మలంచాలో వాళ్ళింటి వెనక గదిలో పెట్టింది. వారం తర్వాత మోహనకృష్ణ గారు పిలిచి, కేసు నడుస్తుండగా వెరిఫికేషన్ రాదని, బదులుగా నిఖిలేష్‌ని పంపక తప్పదని చెప్పారు. నేను సరేనన్నాను. జులై, ఆగస్టు నెలలు నిఖిలేష్‌కి పరికరాలు గొలుసుకి ఎలా కట్టాలో, ఎన్ని నిమిషాలకోసారి కొలిచేలా పెట్టాలో నేర్పించాను. బాగా నేర్చుకున్నాడు. అందుకు అతని మీద నాకు కోపం వచ్చేది. డిసెంబరులో ఒకరోజు, పరికరాలు నీళ్ళలోకి దిగుతున్న వీడియో పంపాడు. గొలుసుని నీళ్ళలో నిలబెట్టే పసుపుపచ్చ బంతి ఒకటి మంచు ముక్కల మధ్య మునుగుతూ కనబడింది. రెండో సారి చూడలేదు.

వదిన చూపుడువేలు వంకరగానే అతుక్కుంది. ఆ తర్వాత ఆమె చల్లగదిలోకి రాలేకపోయింది. ఒకసారి వచ్చి పది నిమిషాలు కూర్చుంది. విరిగిన వేళ్ళు చలికి సలిపి, ముఖం తెల్లగా పాలిపోయింది. గది బయట తెర మీద కనబడే నీళ్ళని చూస్తూ ఎడంచేత్తో లెక్కలు రాసేది. మోహనకృష్ణ గారు ఆమెకి అక్కడే పని ఇప్పించారు.

ఏడాది తిరిగేసరికి రాజీ కుదిరింది. వదినకి విడాకులు ఇచ్చేందుకు అన్నయ్య ఒప్పుకున్నాడు. ఇద్దరూ కేసులు వదులుకుంటామన్నారు. మళ్ళీ మే నెలలో, మేదినీపూర్ కోర్టు వరండాలో అందరం కలిశాం. వదిన లోపల సంతకాలు పెడుతోంది. నేను బెంచీ మీద కూర్చుని ఉంటే అన్నయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు. చేతిలో ప్లేటు వేశారు. మోచెయ్యి పూర్తిగా చాపలేడు. ఫిట్టరు పని తీసేసి స్టోరులో వేశారట.

"ఒకటడుగుతాను, సెప్పు," అన్నాడు. "ఒక్క దెబ్బకే నాను పడిపోనాను గదా. పడిపోయినాక ఎందుక్కొట్టినావు?"

ఏడాదిలో ఎవరూ అడగని ప్రశ్న అది. పోలీసులు ఎన్నిసార్లని అడిగారు, ఎందుకని అడగలేదు. వకీలు అసలు ఆ సంగతే ఎత్తొద్దన్నాడు. నేను ఏదైనా చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అడిగింది మా అన్నయ్య.

"బాగున్నాది," అన్నాను. "కొడతంటే బాగున్నాది అన్నియ్యా."

అతను తలూపాడు.

"అలగే ఉంటాది," అన్నాడు. "ఆగాలంటే ఆగబుద్ధెయ్యదు."

ఇద్దరం అన్నాచెల్లెళ్ళం ఆ బెంచీ మీద, ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నాం. కాసేపటికి వదిన బయటికి వచ్చింది. ఆమె దాటివెళ్ళడానికి వీలుగా అన్నయ్య కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ఆమె దాటింది. నేను లేచి ఆమె వెంట వెళ్ళాను.

మెట్లు దిగుతుండగా, అతనేమన్నాడని వదిన అడిగింది. చెప్పాను. అతనడిగిందీ చెప్పాను, నేనన్నదీ చెప్పాను. ఆమెకి ఏదీ దాచదలచుకోలేదు. ఆమె ఒక మెట్టు మీద ఆగి, నా చేతులవైపు చూసింది. ఆ ఏడాదంతా ఒకే గదిలో, ఒకే చాప మీద పడుకున్నాం మేం.

"నాకు తెలుసు," అంది. "ఆ పూట నాను నీ మొగం సూసినాను గదా."

తర్వాత చీర కుచ్చెళ్ళు ఎడంచేత్తో కొంచెం ఎత్తిపట్టుకుని, మిగిలిన మెట్లు దిగుతూ, "బేగి రా, బస్సెల్లిపోద్ది," అంది.